చలి కొలవడానికి వచ్చిన మనిషి

జూన్ 2

నా పేరు ఫువాతీనో. పాస్‌పోర్టు ప్రకారం వయసు డెబ్బై నాలుగు. అది రాసిన గుమాస్తా నన్ను అడక్కుండానే రాశాడు కాబట్టి ఒకటి రెండు అటూ ఇటూ ఉండొచ్చు. పుట్టింది సమోవాలో, సవాయీ దీవిలో. ఉంటున్నది ఆక్లండ్‌లో, మాంగెరేలో, రెండంతస్తుల ఫ్లాట్ల వరసలో కింది ఇల్లు. ఇంట్లో నలుగురం. నేను, నా కొడుకు యొసువా, కోడలు తెలేసియా, మనవరాలు ఎసెతా. ఎసెతాకు ఆరేళ్లు. దాని ఊపిరితిత్తులు బలహీనం. అసలు సంగతి అదే. మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

నాకు చదవడం రాయడం రాదు. పాస్టరుగారి బడిలో ఊరి పిల్లలంతా అక్షరాలు దిద్దుతుంటే నేను తమ్ముణ్ణి చంకనేసుకుని కిటికీ బయట నిలబడ్డాను. కీర్తనలు నోటికొచ్చాయి, అక్షరాలు రాలేదు. అందుకని నేను చెబుతున్నాను, తెలేసియా రాస్తోంది. అద్దెకుండేవాళ్లకు సాయం చేసే ఆఫీసులో ఒకామె చెప్పింది, ఏ రోజు ఏం జరిగిందో రాసి పెట్టుకోండి, కోర్టులో పనికొస్తుంది అని.

జరుగుతున్నదేమిటంటే హీటరు. గోడకు పైన తగిలించి ఉంటుంది, తెల్లగా పొడుగ్గా, శవపేటిక మూతలాగా. ఇంటితో పాటు ఇచ్చిందే, దాని అద్దె కూడా మేం కడుతున్నట్టే. నొక్కగానే వేడిగాలి వదులుతుంది. ఒక కీర్తన పాడేంతసేపు. ఆ తర్వాత అదే నోటితో చల్లగాలి. ఆపి మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. పోయిన చలికాలం నుంచి చెబుతున్నాం, ఇక్కడ చలికాలమంటే జూన్ నుంచి ఆగస్టు దాకా. ఆ దొంగ వెధవ బాగు చేయించడం లేదు.

"అత్తమ్మా, దొంగ వెధవ అని నిజంగానే రాయమంటారా?" అంది తెలేసియా.

"రాయి."

"జడ్జిగారు చదువుతారు."

"అయితే యజమాని అని రాయి. చదివేవాళ్లకు అర్థమవుతుందిలే."

జూన్ 4

ఏజెంటమ్మాయికి ఫోన్ చేశాం. యజమాని మాకు కనబడడు. ఊరికి అవతలి వైపు, సముద్రం కనబడే ఇంట్లో ఉంటాడట. మధ్యలో ఈ అమ్మాయి, బ్రయనీ. గొంతు మంచిది. ప్రతి మాటకీ ముందు "అయ్యో" అంటుంది. హీటరు లోపలి జాలీ కడగమంది. కడిగాం. పళ్లు తోముకున్నంత మాత్రాన మాట మంచిదవుతుందా? చల్లగాలే వచ్చింది, కాకపోతే శుభ్రంగా వచ్చింది.

జూన్ 9

గోడల మీద నలుపు పాకుతోంది. ఎసెతా మంచం పక్కన చేతి వెడల్పు. తెలేసియా బ్లీచింగ్ నీళ్లతో తుడుస్తుంది, వారం తిరిగేసరికి తిరిగొస్తుంది. ఫోటో తీసి బ్రయనీకి పంపాం. ఆమె జవాబు తెలేసియా చదివి వినిపించింది. అయ్యో, కిటికీలు తెరిచి ఉంచండి, వంట చేసేటప్పుడు మూతలు పెట్టండి, చిన్న ఇంట్లో మనుషులు ఎక్కువైతే ఊపిరి తేమ గోడలకు పడుతుంది అని.

"అంటే ఏంటి?" అన్నాను.

"మనం ఊపిరి ఎక్కువ వదులుతున్నామని."

"తగ్గిస్తామని రాయి. ముందు నేను మానేస్తాను, ముసలిదాన్ని కదా."

తెలేసియా నవ్వింది. ఆ మాట పంపలేదు.

జూన్ 11

హీటరు అలాగే ఉంది.

జూన్ 16

పై ఇంటి సుఖ్‌రాజీ దిగి వచ్చింది. ఫిజీ నుంచి వచ్చిన మనిషి, నాకంటే ఐదారేళ్లు చిన్నది. మొగుడు పోయాడు, ఒక్కతే ఉంటుంది. మా ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కలిపితే ఒక మనిషికి సరిపోతుంది, అయినా మాకు మాటలు తక్కువ కాలేదు. వాళ్లింట్లో హీటరూ అంతేనట. అందుకే గ్యాసు బండ పెట్టుకుని చక్రాల మీద తిరిగే హీటరు ఒకటి కొనుక్కుంది. అద్దె కాగితంలో అలాంటివి పెట్టుకోకూడదని రాసి ఉంది, తెలిస్తే ఖాళీ చేయిస్తారు. ఇంటి తనిఖీకి వచ్చినప్పుడల్లా బీరువాలో దాచి పైన చీరలు కప్పుతుంది.

"తీసుకుపోక్కా, నీ మనవరాలికి పెట్టు. నాకు రెండు దుప్పట్లున్నాయి" అంది.

తీసుకోలేదు. ఆసుపత్రి నర్సు ముందే చెప్పింది, గ్యాసు మంట గాలి ఈ పిల్ల ఛాతీకి విషం అని. వేడి ఉంది, మెట్లెక్కితే చాలు, కానీ అది మాకు పనికొచ్చే వేడి కాదు.

జూన్ 19

ఇవాళ ఎసెతా దగ్గు తక్కువ.

జూన్ 20

ఇవాళ కూడా తక్కువే. తెలేసియా కలం పట్టుకుని నా మొహం చూసింది. తక్కువే అని రాయమన్నాను. రాసింది.

జూన్ 23

నిన్న ఆదివారం, చర్చిలో రెండో కీర్తన మధ్యలో ఎసెతా పెదాలు నీలంగా మారాయి. యొసువా ఎత్తుకుని పరిగెత్తాడు. ఆసుపత్రిలో మూతి మీద గొట్టం పెట్టారు. డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, ఇల్లు వెచ్చగా ఉంటుందా అని. యొసువా తల దించుకున్నాడు. కోళ్ల ఫ్యాక్టరీలో రాత్రంతా నిలబడి పనిచేసే నా కొడుకు, తన తప్పేదో ఉన్నట్టు తల దించుకున్నాడు. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు కూడా చెబుతుంటే నోరు వణుకుతోంది. చలికి అని రాయి.

జూన్ 27

సాయం ఆఫీసుకు ముగ్గురం వెళ్లాం. యొసువా అద్దె ఆపేస్తానన్నాడు. ఆఫీసామె చెయ్యి అడ్డం పెట్టింది. "ఆపావో, తప్పు నీ వైపు తిరుగుతుంది బాబూ. పూర్తిగా కడుతూనే ఉండు, హీటరు బాగుచేయమని, చేసేదాకా అద్దె తగ్గించమని అర్జీ పెడదాం" అంది. పెట్టాం. నేను వేలిముద్ర వేశాను.

అర్జీ అందగానే యజమాని వైపు వాళ్లు ఒక మనిషిని పంపుతారట. ఇంట్లో వెచ్చదనం ఎంతుందో కొలిచి రిపోర్టు రాసే మనిషి. యజమాని డబ్బు తీసుకున్నా కొలత కొలతే, అబద్ధం రాయడానికి వీల్లేదు అంది ఆఫీసామె. నాకు ధైర్యం వచ్చింది. చలి మా ఇంట్లో దాక్కుని లేదు. గుమ్మం దాటితే చాలు, అదే వచ్చి చెయ్యి పట్టుకుంటుంది.

జూలై 3

కొలతల మనిషి వచ్చి వెళ్లాడు. ఇవాళ్టిది పూర్తిగా రాయాలి, మన ఇంటి మర్యాద నిలబడిన రోజు.

అతని పేరు డెస్మండ్. పదింటికి వస్తానని నిన్ననే ఫోన్ చేశాడు. తెలేసియా తెల్లారకముందే ముసలివాళ్ల హోములో పనికి వెళ్లిపోతుంది. ఇంట్లో నేను, డ్యూటీ దిగి వచ్చిన యొసువా. ఎసెతా ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. అంత దూరం నుంచి ఒక మనిషి మన పని మీద మన ఇంటికి వస్తున్నాడు. శవాగారం లాంటి గదిలో అతన్ని ఎలా కూర్చోబెడతాను? మా అమ్మ ఇంటికి వచ్చినవాణ్ణి ఎవరినీ అలా కూర్చోబెట్టలేదు. మా అమ్మ తిండికి లేని రోజున కూడా పొయ్యి రాజేసి చాప పరిచింది.

పొద్దున్నే సుఖ్‌రాజీని లేపాను. యొసువా గ్యాసు హీటరు మెట్లు దింపి తెచ్చాడు. ఎసెతా ఇంట్లో లేదు కాబట్టి దోషం లేదు. తలుపులన్నీ మూసి మూడు గంటలు మండించాం. చర్చి ఆడవాళ్లకు కబురు పెడితే పది మంది గిన్నెలతో వచ్చారు. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి కట్టిన పొట్లాలు, కోడి, చేమదుంపలు, సపాసూయి అనే మాంసం సేమ్యా, పెద్ద గిన్నె నిండా కోకో. పది మంది ఒళ్లు, పది గిన్నెల ఆవిరి. గోడలు చెమట పట్టాయి.

అతను వచ్చే ముందు హీటరు పైకి పంపేశాను. అరువు తెచ్చిన నిప్పు అతిథి కంట పడితే సిగ్గు. పైగా సుఖ్‌రాజీకి ప్రమాదం.

డెస్మండ్ మంచివాడు. బూట్లు విప్పమని ఎవరూ చెప్పకుండానే విప్పాడు. ఒక సాక్సుకు బొటనవేలి దగ్గర చిరుగు, దాన్ని రెండో కాలి కింద దాచుకున్నాడు. గోడ హీటరు నొక్కాడు, వేడిగాలి వచ్చింది. చిన్న యంత్రం బల్ల మీద పెట్టాడు. హీటరు చల్లగాలికి మారేలోపే పాస్టరుగారి భార్య అతని చేతిలో పళ్లెం పెట్టింది.

"వద్దండీ, నేను డ్యూటీలో ఉన్నాను" అన్నాడు.

"డ్యూటీ తినదు, నువ్వు తిను" అంది ఆమె.

మూడుసార్లు పెట్టించుకున్నాడు. అన్నం ముందు కూర్చున్న మనిషి దగ్గర ఫిర్యాదు మాట్లాడకూడదు కాబట్టి తిన్నాక చెబుదాం అనుకున్నాం. తిన్నాక ప్రార్థన. ప్రార్థన తర్వాత పాట. పాట అయ్యేసరికి అతను ఇంకో ఇంటికి వెళ్లే టైమయింది. యంత్రం సంచిలో పెట్టుకున్నాడు. మిగిలినవి పొట్లం కట్టి ఇంటికి పంపాం. గుమ్మం దగ్గర నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు. వాళ్లమ్మ ఈస్టరు పండగప్పుడు చనిపోయిందట.

ఇంతవరకూ రాసి తెలేసియా కలం కింద పెట్టింది.

"అత్తమ్మా, ఆయన దేనికి వచ్చాడు?"

"కొలవడానికి."

"ఏం కొలవడానికి?"

నేనన్నాను, వచ్చినవాడు మనిషి, కొలిచే యంత్రం వాడి సంచిలో ఉంది, వాడి ఒంట్లో లేదు. హీటరు సంగతి అర్జీలో రాసే ఉంది. అతను చదువుకున్నవాడు, అన్నీ చూసే ఉంటాడు. ఈ మాటలన్నీ రాయమన్నాను. రాసింది. రాస్తూ ఏడ్చింది. పని అలసట.

జూలై 4

రాయడానికేమీ లేదు.

జూలై 8

ఎసెతా ఇంటికొచ్చింది. మా ఇద్దరికీ ఒకే మంచం. కోటు వేసుకుని పడుకుంటుంది, టోపీతో సహా. "నానమ్మా, నేను ప్రయాణానికి వెళ్తున్నట్టున్నాను కదా" అంది.

జూలై 15

రిపోర్టు వచ్చింది. గోడ హీటరు పనిచేస్తున్నది. గది ఇరవై డిగ్రీలు. ఉండవలసిన దానికంటే రెండు ఎక్కువ. గోడల తేమకు కారణం ఇంట్లో జనం ఎక్కువగా ఉండటం, వంట.

తెలేసియా చదివింది. యొసువా లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అని ఉంటే నేను పది అనేదాన్ని. ఎవరూ అనలేదు.

డెస్మండ్‌కి మతి లేదని రాయి. లేదు, కొట్టెయ్. అతనికి మతి ఉంది. అతను చూసింది రాశాడు.

జూలై 16

ఈ పుస్తకం కోర్టుకు ఇవ్వాలా వద్దా అని కూర్చున్నాం. ఇస్తే జూన్ 16, జూలై 3 పేజీలు ఉన్నాయి, వాటిలో సుఖ్‌రాజీ గ్యాసు హీటరు ఉంది. ఆ పేజీలు చింపేద్దామంది తెలేసియా. చింపితే మిగతా పేజీలు కూడా అబద్ధాలైపోతాయి. చింపకపోతే పై ఇంటి మనిషి వీధిలో పడుతుంది. ఆమెకు ఈ దేశంలో ఎవరూ లేరు.

"గ్యాసు సంగతి చెప్పకుండా, వేరే హీటరు ఎక్కడినుంచో తెచ్చామని చెబుదాం" అన్నాడు యొసువా.

"ఎక్కడినుంచి అని అడుగుతారు. అప్పుడు?" అన్నాను.

పుస్తకం ఇంట్లోనే ఉంటుంది. ఇకనుంచి ఇది జడ్జి చదవడు కాబట్టి యజమాని దొంగ వెధవ అని రాయి.

జూలై 24

ఇవాళ కోర్టు. కోర్టంటే పెద్ద గది కాదు, ఆఫీసులాంటిదే. బల్లకి ఆ వైపు జడ్జమ్మ, నెరిసిన జుట్టు, కళ్లజోడు తాడుకి వేలాడుతోంది. గది వెచ్చగా ఉంది. అంత వెచ్చగా ఉన్న గదిలో కూర్చుని మా చలి గురించి మాట్లాడాలి. బ్రయనీ యజమాని తరఫున వచ్చింది. డెస్మండ్ వచ్చాడు, నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. నా మాటల్ని ఇంగ్లీషులోకి మార్చడానికి ఫోన్లో మన భాష మనిషి ఒకామె ఉంది. నేను పులిలా మాట్లాడితే ఆమె పిల్లిలా చేసి చెబుతోందని తెలేసియా చెవిలో చెప్పింది.

నేను చెప్పాను. వేడి ఒక కీర్తనంత సేపే. గోడ మీద నలుపు. ఎసెతా పెదాలు. జడ్జమ్మ అన్నీ రాసుకుంది. ఒకసారి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఈమె మనవైపే ఉందనిపించింది.

తర్వాత డెస్మండ్‌ని అడిగింది. అతను రిపోర్టు చదివాడు. చదివి ఊరుకోలేదు. నా వైపు చెయ్యి చూపించి, జడ్జమ్మతో మనసులోంచి అన్నాడు. "అమ్మా, ఒక్కటి చెప్పాలి. ఈ చలికాలంలో నేను అడుగుపెట్టిన ఇళ్లన్నిటిలో వెచ్చగా ఉన్నది ఈవిడ ఇల్లే."

పొగడ్తగా అన్నాడు. ఫోన్లో ఆమె అది మన భాషలో చెప్పేసరికి నా తల దానంతట అదే వంగింది, పొగిడినప్పుడు వంగినట్టు. నా మెడని నేనే పట్టుకోలేకపోయాను.

జడ్జమ్మ నన్ను చూసింది. "ఫువాతీనోగారూ, ఆ రోజు గదిలో వేరే హీటరు ఏదైనా పెట్టారా? ఉంటే చెప్పండి, కొలత లెక్కలోకి తీసుకోను. ఇంకోసారి కొలిపిస్తాను."

తలుపు అంతే. నెడితే తెరుచుకునేదే.

తెలేసియా మోకాలు నా మోకాలికి తగిలింది. బ్రయనీ కలం పట్టుకుని చూస్తోంది. సుఖ్‌రాజీ ఇల్లూ ఈ యజమానిదే, ఈ అమ్మాయి చేతి కిందే. నాకు ఎసెతా కనబడింది, కోటు, టోపీ. సుఖ్‌రాజీ కూడా కనబడింది, చీరల కింద హీటరు దాస్తూ. వాళ్లిద్దరిలో ఒకరినే ఇంట్లో ఉంచగలిగితే ఎవరిని ఉంచుతావు అని దేవుడు అడిగినా బాగుండేది. దేవుణ్ణి తిట్టొచ్చు. ఈమె మర్యాదగా అడుగుతోంది.

"మనుషులు ఎక్కువ మంది ఉన్నారు. వాళ్ల వేడి" అన్నాను.

"హీటరు లేదు?"

"మనుషులు" అన్నాను మళ్లీ.

అర్జీ కొట్టేశారు. అద్దె తగ్గదు. హీటరు పనిచేస్తున్నట్టే లెక్క. బయటికి వచ్చాక డెస్మండ్ మా వెనకాలే వచ్చి, నా మాట మిమ్మల్ని ఓడిస్తుందని నాకు తెలీదు, నన్ను క్షమించండి అన్నాడు. తెలేసియా అతన్ని చూసిన చూపు నేను రాయించలేను. నేను మాత్రం, తిన్నావా బాబూ అని అడిగాను. నోటికి వచ్చింది అదే.

జూలై 25

ఎసెతా దగ్గు తక్కువ.

జూలై 26

తెలేసియా నిన్నటిది రాయనంది. నేనే బలవంతంగా రాయించాను. తక్కువ కాదు. ఇవాళ నిజం రాయి. రాత్రంతా దగ్గింది, నా వీపు మీద మొహం పెట్టుకుని.

జూలై 30

సుఖ్‌రాజీకి ఎవరు చెప్పారో, యొసువానే చెప్పి ఉంటాడు. గుమ్మంలో నిలబడి అరిచింది.

"చెప్పకపోయావా అక్కా. నన్ను గెంటేస్తే గెంటేసేవాళ్లు. నేనేం రాణినా? నా కోసం పసిదాన్ని చలిలో పెట్టావు. ఇప్పుడు ఆ గ్యాసు హీటరు ముందు కూర్చోవాలంటే నాకెలా ఉంటుందో తెలుసా?"

"కూర్చో. నీకు మోకాళ్ల నొప్పులు."

"మోకాళ్లు నరికేసుకుంటాను."

"నరుక్కుంటే నిన్ను మెట్లు దింపేదెవరు?"

ఇద్దరం ఏడ్చాం. ఏడుపుకు భాష అక్కర్లేదు, అందులో మాత్రం మా ఇద్దరికీ తడబాటు లేదు. ఎసెతా వచ్చి ఇద్దరికీ చెరో టిష్యూ ఇచ్చి దగ్గుతూ లోపలికి వెళ్లింది.

ఆగస్టు 6

సాయం ఆఫీసుకు మళ్లీ వెళ్లాం. జరిగిందంతా చెప్పాం, ఎవరి హీటరో తప్ప. ఆఫీసామె మొహం చేతుల్లో పెట్టుకుని కాసేపు ఉండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు. తర్వాత చెప్పింది. ఈ నెల పన్నెండున బ్రయనీ మామూలు తనిఖీకి వస్తుంది. ఆమె చేతనే గదిని కొలిపించండి. ఆమె చేత్తో తక్కువ అని రాస్తే కొత్త అర్జీ పెట్టొచ్చు. కానీ ఒక్కటే. ఆమె నా వైపు వేలు చూపించింది.

"మీరు ఏమీ చేయకండి పెద్దమ్మా. పొయ్యి వెలిగించొద్దు. మనుషులొద్దు. కోకో వద్దు. కప్పు టీ కూడా వద్దు. రోజూ ఇల్లు ఎలా ఉంటుందో అలాగే ఉంచి, కూర్చోండి."

"ఊరికే కూర్చోవాలా?"

"ఊరికే."

"అంతేనా? చేస్తాను" అన్నాను.

ఇంటికొచ్చేదాకా బస్సులో తెలేసియా నా చెయ్యి వదల్లేదు.

ఆగస్టు 12

బ్రయనీ వచ్చింది.

పొద్దున నుంచీ వాన. యొసువా నిద్రపోకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, నన్ను అటు పోనివ్వకుండా. తెలేసియా సెలవు పెట్టింది. సుఖ్‌రాజీ బయట మెట్ల మీద గొడుగు వేసుకుని కూర్చుంది, చర్చి ఆడవాళ్లెవరైనా గిన్నె పట్టుకుని వస్తే తిప్పి పంపడానికి. ఒకామెను తిప్పింది కూడా. వాళ్లిద్దరి గొడవ లోపలికి వినబడింది.

తలుపు తీశాను. బ్రయనీ కడుపుతో ఉంది. ఏడో నెల దాటి ఉంటుంది. కోర్టులో బల్ల వెనక కూర్చుంది కాబట్టి నాకు తెలీలేదు. పల్చటి కోటు, పొట్ట మీద బొత్తాం పట్టడం లేదు. భుజాలు తడిసి ఉన్నాయి. నేను చాపకోసం వంగబోయాను. తెలేసియా నా భుజం మీద చెయ్యి వేసింది. కుర్చీ చూపించింది ఆమెకు. ఉత్త కుర్చీ, మెత్త కూడా లేకుండా.

తెలేసియా ఇంగ్లీషులో చెప్పింది, దయచేసి హీటరు వేసి, ఇక్కడే గంట కూర్చుని, మీ చేత్తో కొలవండి అని. బ్రయనీ అయ్యో అంది, సరే అంది. హీటరు నొక్కింది. వేడిగాలి వచ్చింది. ఆమె మొహం దాని వైపు పెట్టి కళ్లు మూసుకుంది. కాసేపటికి కళ్లు తెరిచింది. చల్లగాలి మొదలైంది.

మేం ముగ్గురం కూర్చున్నాం. నా ఇంట్లో మనిషి ఉండగా మాట లేకుండా ఉన్నది ఇదే మొదటిసారి. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, అవి లేస్తాయని భయం. ఎసెతా కోటుతో వచ్చి ఆమె పొట్ట చూసి, లోపల పాపకు చలేస్తోందా అని అడిగింది. తెలేసియా దాన్ని లోపలికి తీసుకెళ్లింది.

బ్రయనీ చేతులు రుద్దుకుంది. తర్వాత చిన్నగా నవ్వి, "మీ ఇంట్లో వంట గురించి డెస్మండ్ ఆఫీసంతా చెప్పాడు. నేను పొద్దున ఏమీ తినకుండా వచ్చాను, నిజం చెప్పాలంటే" అంది. తెలేసియా లోపలినుంచి వచ్చి అది నాకు మన భాషలో చెప్పింది. చెబుతూ నా మొహం చూడలేదు.

నాకు అర్థమయ్యే ఇంగ్లీషులో ఒకే మాట అన్నాను. "నో."

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. తప్పుగా అడిగానేమో అన్నట్టు చేతులు పొట్ట మీదికి తెచ్చుకుంది. ఆ తర్వాత ఇంకెంతసేపు కూర్చుందో నాకు తెలీదు. ఆమె ముక్కు చివర నీలంగా మారింది. పెదాలు కాదు, ముక్కు. నేను పెదాల కేసే చూస్తూ కూర్చున్నాను.

యంత్రం చూసి రాసింది. పన్నెండు. ఇది ఉండకూడని సంఖ్య, నేను ఇవాళే యజమానికి పంపుతాను అంది. లోపలి ముఖ్యమైన భాగం పాడై ఉంటే విదేశం నుంచి తెప్పించాలి, వారాలు పట్టొచ్చు, ఆయన ఒప్పుకుంటే, అంది. ఈసారి అయ్యో అనలేదు. లేవడానికి కుర్చీ చేతులు పట్టుకుంది. నేను సాయం చేయలేదు. చేస్తే చెయ్యి ఆగదు, వంటింట్లోకి పోతుంది.

తలుపు మూశాక యొసువా అన్నాడు, అమ్మా, గెలిచాం. తెలేసియా నా ఒళ్లో తలపెట్టింది. ఇల్లు అలాగే చల్లగా ఉంది. ఎసెతా లోపల దగ్గుతోంది. పన్నెండు అని ఒక కాగితం మీద ఉంది, అంతే.

ఇప్పుడు చివరిది రాయి. కోర్టుకు కాదు.

నేను, ఫువాతీనో, సవాయీ దీవి మనిషిని, నా ఇంటికి వచ్చిన కడుపుతో ఉన్న పిల్లని వానలో తడిసి వస్తే చలిలో కూర్చోబెట్టాను. ఆకలేస్తోందని అడిగితే లేదన్నాను. వంటింట్లో రొట్టె ఉంది, పాలు ఉన్నాయి. తెలిసే చేశాను. ఇంకెవరి చేతా చేయించలేదు.

మనవరాలి కోసం అని రాయబోయింది తెలేసియా. ఆపాను. ఎందుకు చేశానో అక్కర్లేదు. చేశానన్నది ఉండాలి.

ఫువాతీనో బొటనవేలి ముద్ర.

దీనికి సాక్షులు:
తెలేసియా, కోడలు, రాసినది.
సుఖ్‌రాజీ, పై ఇంటి మనిషి. తన పేరు తానే రాసుకుంది, వద్దన్నా వినలేదు.